ఇంకొకడి పేరు

కూర్చోమన్నారు, కూర్చున్నాను. ఏరియా ఆఫీసు వరండాలో ఇనుప బెంచీ, ఎదురుగా తలుపు, తలుపుకు ఆకుపచ్చ పరదా, పరదా కింద నుంచి కనిపిస్తున్న మూడు జతల కాళ్లు. అరిగిన రబ్బరు చెప్పులు మా బాపువి. కొత్త నల్లబూట్లు ఓదేలువి. బల్ల కింద చెప్పులు విడిచి పాదం మీద పాదం వేసుకున్న కాళ్లు క్లర్కువి. ఓదేలు మా బాపుకు కొడుకని లోపల రాసుకుంటున్నారు. ఆ రాత అయ్యాక నన్ను పిలుస్తారు. పిలిచి, ఈ మనిషి నీకేమవుతాడని బాపును చూపించి అడుగుతారు. కాక అవుతాడని, చిన్నాన్న వరసని నేను చెప్పాలి. ఇంతే పని. ఇందుకోసం తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకొని వచ్చాను. మూడు నెలల కింద మెడికల్ బోర్డు బాపును బొగ్గుబాయి పనికి అన్‌ఫిట్ అని తేల్చింది. అన్‌ఫిట్ అయిన కార్మికుడి కొడుక్కి నౌకరీ ఇస్తారు. ఇరవై ఏడేళ్లుగా ఆ కొడుకును నేనే అనుకుంటూ వచ్చాను. మా ఇంట్లో ఇంకో కొడుకు లేడు మరి. రెండు దాటి ఐదు నిమిషాలైంది, మూడింటికి నాకు క్లాసు ఉంది, ఇంత జరుగుతున్నా క్లాసు గురించి ఆలోచించగలగడం నాకే వింతగా ఉంది. బాపు కుడికాలి బొటనవేలి గోరు నల్లగా ఉంది. ఎప్పుడో బొగ్గుపెళ్ల పడి చచ్చిన గోరు. ఆ గోరును ఈ జిల్లాలో ఎక్కడ చూసినా గుర్తుపడతాను నేను. కాక అట.

అల్లోస్. పొద్దుటి నుంచి ఈ మాట నెత్తిలో జోరీగలా తిరుగుతోంది. చౌరస్తాలో టైలరు షాపు మీది గదిలో పోటీ పరీక్షలకు కూర్చునేవాళ్లకు ఇంగ్లీషు చెప్పడం నా పని, గ్రీకు వేర్లు నా గొప్ప. ఒక్క వేరు పట్టి గుంజండి, పల్లికాయ చెట్టు పీకినట్టు పది మాటలు ఊడి వస్తాయి అంటాను. అల్లోస్ అంటే ఇతరం, వేరే. అల్లోపతి, వేరే తీరు వైద్యం. అల్లోట్రోప్, వేరే రూపం, పదో తరగతిలో చదివారు కదా, వజ్రమూ పెన్సిలు ములుకూ ఒక్క కార్బన్‌కే వేరువేరు రూపాలని. పోయిన ఎండాకాలం పాత పుస్తకాల బండి మీద దొరికిన నిఘంటువులో ఇంకోటి కనిపించింది, అలోనిమ్. అల్లోస్‌కు ఒనుమ కలిపారు. ఒనుమ అంటే పేరు. పుస్తకాల గ్రీకులో అది ఒనొమ, ఒనుమ ఒక ప్రాంతపు యాస, ఆ యాస మాటే దేశాలు దాటి ఇంగ్లీషులో కుదురుకుంది అని చెప్పాను. వెనక బెంచీలో ఎవరో జై తెలంగాణ అన్నారు, సకల జనుల సమ్మె ముగిసి ఏడాది కాలేదు అప్పటికి, గదంతా నవ్వింది. అనానిమస్ అంటే పేరే లేనిది. సూడోనిమ్ అంటే అబద్ధపు పేరు, దాని వెనక మనిషి ఉండడు, కల్పించుకున్నది. అలోనిమ్ అలా కాదు. ఇంకొక నిజమైన మనిషి పేరును తీసి పెట్టుకోవడం. ఎక్కడో ఆ పేరు గల మనిషి ఉండనే ఉంటాడు, అన్నం తింటూ, పిలిస్తే పలుకుతూ. ఇది చెప్పగానే ఒక పిల్ల లేచి, “మా తాత గూడ గదే సార్, మారుపేరు మీదనే రిటైరైండు” అంది. ఇంకొకడు మా మేనమామ అన్నాడు. ఈ ఊళ్లో ఇది దాచే సంగతే కాదు, బాయి మీద పది మందిని పిలిస్తే ఒకరిద్దరు ఇంకొకరి పేరుతో పలుకుతారు. ఆఫీసు ఫైళ్లలో ఎలియాస్ అంటారు, అది లాటిను, అల్లోస్‌కు దాయాది. మా బాపు కూడా గదే అని నేను క్లాసులో అనలేదు, కాని మనసులో నవ్వుకున్నాను. నా తెలివి మీద నాకు అంత నమ్మకం. పేరు గల మనిషి ఎక్కడో ఉంటాడని బోర్డు మీద రాసినవాణ్ని, ఉన్నవాడు ఏదో ఒకరోజు వచ్చి అడుగుతాడని ఆలోచించలేకపోయాను.

కమాన్‌పూర్‌లో ఇద్దరు దోస్తులు, ఎల్లేశం, సదయ్య. ఎనభై ఒకటిలో ఎల్లేశానికి బాయి నుంచి పిలుపు కాగితం వచ్చింది. మొదటి రోజు సొరంగంలో నాలుగు అడుగులు వేశాడో లేదో, పైకప్పు మీదికొస్తోందని బయటికి ఉరికి, బాయి మొగదలే కూర్చొని వాంతి చేసుకున్నాడు. మళ్లీ దిగనన్నాడు. సదయ్యకు భూమి లేదు కాబట్టి భయపడే వీలు కూడా లేదు. ఆ కాగితం పట్టుకొని మర్నాడు సదయ్య దిగాడు. మొహాలు ఎవరు చూశారు, అందరి మొహాలూ నలుపే. ఆ సదయ్యే మా బాపు. ఆ రోజు నుంచి ఆయన ఎల్లేశం. మస్టర్‌లో ఎల్లేశం, టోపీదీపం తీసుకునే కిటికీ దగ్గర ఎల్లేశం, క్వార్టరు తలుపు మీద ఎల్లేశం. సంతకం నేర్చుకున్నాడు, ఆ ఒక్క పేరు వరకే. సదయ్య అని రాయడం రాదు ఆయనకు, రాసి ఉంటే చదవడమూ రాదు. కంపెనీ కార్డు మీద భార్య పేరు ఐలవ్వ, ఎందుకంటే ఊరి పట్వారీ ఇచ్చిన కాగితం అసలు ఎల్లేశం ఇంటిది, ఐలవ్వ ఆయన భార్య. మా అమ్మ పేరు అనసూర్య. ముప్పై ఏళ్లుగా కంపెనీ దవాఖానలో ఐలవ్వా అని పిలిస్తే కొంగు సవరించుకొని లేచేది మా అమ్మే. ఎల్లేశానికి ఓదేలు పుడితే ఆ పేరూ కార్డు మీదికి ఎక్కింది. నేను పుడితే ఎక్కలేదు, బడిలో మాత్రం నన్ను ఎల్లేశం కొడుకుగానే రాయించారు. ఎందుకు ఎక్కలేదో నేను అడగలేదు. అడగాలని తట్టలేదు, బాపు ఉన్నాక కార్డుతో నాకేం పని.

జ్వరం వస్తే కార్డు మీద ఉన్న పేరుతోనే దవాఖానకు వెళ్లాలి. అందుకని చిన్నప్పుడు నేను ఓదేలును. చెప్పులు బయట విడిచినట్టే పేరు కూడా బయట విడిచి లోపలికి వెళ్తారేమో అనుకునేవాణ్ని. నాకు వేసిన టీకాలు ఓదేలు వేసుకున్నాడు. నాలుగో తరగతిలో టైఫాయిడ్ ఓదేలుకు వచ్చింది. పదకొండు రోజులు నేను పడుకున్న మంచానికి తల దగ్గర ఓదేలు, తండ్రి ఎల్లేశం అని రాసిన అట్ట వేలాడింది. బాపు మొదటి షిఫ్టు దిగి నేరుగా వచ్చేవాడు, కళ్ల చుట్టూ కాటుక పెట్టినట్టు బొగ్గు, స్నానం చేసినా పోని బొగ్గు. నేల మీద కూర్చొని నా అరికాళ్లు రుద్దేవాడు. నర్సు వచ్చినప్పుడల్లా గొంతు మార్చి, “ఓదేలూ, లెవ్వు బిడ్డా, గోలి మింగు” అనేవాడు. ప్రేమగానే అనేవాడు. నాకు ఆ పేరు కూడా ఇష్టమే అయింది, ఆ పేరుతో పిలిచినప్పుడు బాపు గొంతు మెత్తగా ఉండేది. ఇప్పుడు తెలుస్తోంది, ఆయన అప్పటి నుంచే అలవాటు చేసుకుంటున్నాడు. నా కాళ్లు పట్టుకొని ఇంకొకడి పేరు పిలవడం అలవాటు చేసుకుంటున్నాడు.

పరదా కింద నల్లబూట్లు కదిలాయి. ఓదేలు ఎడమ బూటుతో కుడి బూటును తుడుచుకుంటున్నాడు. వాడి మీద నాకు కోపం రావాలి. రావడం లేదు. వాడు పొద్దున బస్సు దిగి, నన్ను చూసి ఏం మాట్లాడాలో తెలియక, “అన్నా, టిఫిన్ తిన్నవా” అన్నాడు. తిన్నానన్నాను. తినలేదు. వాడి తండ్రి మీద రావాలి కోపం, అదీ సరిగా రాదు, ఆయన ఊరి నుంచి వచ్చినప్పుడల్లా నాకు మక్కకంకులు తెచ్చిన మనిషి. నేను పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి కాకా అని పిలిచింది ఆయన్నే. ఈ రోజు నుంచి కాగితం మీద ఆ కాక పేరు నా తండ్రి చోటి నుంచి పోతుంది, నా తండ్రి కాక అవుతాడు. కోపమంతా ఆ రబ్బరు చెప్పుల మీదే. ఎం.ఏ. అయిన ఏడాది హైదరాబాదులో ఒక కాలేజీవాళ్లు పిలిచారు. సంచి సర్దుకున్నాను. బాపు పెరట్లో నల్లా దగ్గర మొహం కడుక్కుంటూ, సబ్బునురగ కళ్లలో పడకుండా ఒక కన్ను మూసి, “అంత దూరం ఏంటికి బిడ్డా, నా తర్వాత నౌకరి నీదే గద” అన్నాడు. నౌకరి నీదే అన్నాడు. నేను వెంటనే సంచి విప్పేశాను, ఇంత సులువుగా విప్పాను కదా అని ఇప్పటికీ సిగ్గేస్తుంది. అప్పటి నుంచి ఐదేళ్లు టైలరు మిషన్ల చప్పుడు మీద గ్రీకు వేర్లు చెబుతున్నాను. నాతో చదివినవాళ్లు లెక్చరర్లయ్యారు, ఎంపీడీవోలయ్యారు. నేను బాపు తర్వాత వచ్చే నౌకరి కోసం బాపు ఎప్పుడు పనికిరాకుండా పోతాడా అని ఎదురుచూశాను. అదీ ఉంది లోపల. కొడుకు ఎదురుచూడవలసిన సంగతి కాదు అది, కాని ఈ బొగ్గుబాయిల ఊళ్లో అందరు కొడుకులూ ఎదురుచూస్తారు.

బాపు మెడికల్ బోర్డు నుంచి వచ్చాక మొదటి ఆదివారం ఇంటికి కమాన్‌పూర్ కాకా, ఓదేలూ వచ్చారు. ఓదేలు చేతిలో కవరు, కవరులో పాస్‌పోర్టు ఫొటోలు. నేను ఇంకా అర్థం కాక, ఫొటోలు ఎందుకురా అన్నాను. అమ్మ వంటింట్లో గిన్నెలు కడుగుతూనే ఉంది, కడిగినవే మళ్లీ కడిగింది. అప్పుడు బాపు చెప్పాడు, ఎనభై ఒకటిలో కల్లు తాగే చోట చేతిలో చెయ్యి వేసి ఒప్పుకున్న మాట. పేరు నాకియ్యి, నా తర్వాత నౌకరి నీ కొడుక్కిస్త. అప్పటికి ఓదేలు లేడు, నేను లేను, అమ్మతో పెళ్లి కూడా కాలేదు. పుట్టకముందే నన్ను ఇచ్చేశాడు. “ఆ పేరు లేకుంటె నువ్వు లేవు బిడ్డా, నీ సదువు లేదు. అది ఆయనది. ఆయనది ఆయనకియ్యాలె” అన్నాడు. మరి నాకెందుకు చెప్పావు నౌకరి నాదేనని, అప్పుడే పోనిస్తే పోయేది కదా అని అడిగాను. నల్లబడ్డ గోరు వంక చూసుకుంటూ, “నువ్వు పోతె ఇల్లు బోసిపోతదనిపిచ్చింది” అన్నాడు. ఇంతే కారణం. నమ్మించి గొంతు కోసినవాడు ఇంకేదైనా పెద్ద కారణం చెప్పి ఉంటే తిట్టడానికి వీలుండేది. కాక లేచి వెళ్తూ నా భుజం మీద చెయ్యి వేసి, “నీకు సదువన్న ఉన్నది జగదీశ్వరూ, మావోనికి ఏమున్నది” అన్నాడు. దోస్తుకు ఇచ్చిన మాట నిలబెట్టుకున్న మనిషి మా బాపు. ఊళ్లో చెబితే చేతులెత్తి మొక్కుతారు. నాకిచ్చిన మాట మాట కాదు, ఎందుకంటే నేను ఇంటివాణ్ని, ఇంటివాళ్లతో అన్నది లెక్కలోకి రాదు.

ఆ వారమే కంపెనీకి ఉత్తరం రాశాను. ఆకాశరామన్న ఉత్తరం. అనానిమస్, పేరు లేనిది. ఎల్లేశం అనే కార్మికుడి క్వార్టరులో అతని కొడుకుగా ఉంటున్నది ఓదేలు కాదు, జగదీశ్వర్ అనే అతను, బడి సర్టిఫికెట్లు చూడండి, విచారించండి. ఎడమచేత్తో రాశాను. నలుగురికి తప్పులు దిద్దేవాణ్ని కావాలని తప్పులు రాశాను. ఇక్కడ వెయ్యకుండా బసంత్‌నగర్ దాకా వెళ్లి, సిమెంటు లారీల దుమ్ములో నిలబడి, అక్కడి డబ్బాలో వేశాను. ఓదేలుకు అడ్డం పడితే చాలనుకున్నాను, అంతకు మించి చూడలేదు, ఒట్టు. నెల తర్వాత విచారణ కాగితం వచ్చింది. యూనియన్ నర్సింగం బాపును పక్కకు పిలిచి చెబుతుంటే నేను తలుపు వెనక విన్నాను. “మారుపేరని తేలితె నీ ముప్పై ఏండ్ల సర్వీసు గంగల కలిసినట్టే అన్నా. కేసు గూడ అయితది. ఆ పిలగాడు నా కొడుకు గాదు, సదువుకునేటందుకు ఉన్నడు, బడిల ఎవరో తప్పు రాసిన్రు అని చెప్పు. ఆ పిలగాని తోటి గూడ చెప్పియ్యి.” ఆ పిలగాడు నేను. నేను రాసిన ఉత్తరానికి నేనే జవాబు చెప్పాలి. జవాబు కూడా వాళ్లే తయారుచేసి పెట్టారు, నా తండ్రి సదయ్య, కమాన్‌పూర్‌లో వ్యవసాయం చేసుకుంటాడు, దోస్తు క్వార్టరులో నన్ను చదువుకు ఉంచాడు. ఎవరైనా ఊరికి వచ్చి అడిగితే నేనే సదయ్యనని కమాన్‌పూర్ కాక చెబుతాడట. ఇద్దరు దోస్తులూ పేర్లు పూర్తిగా మార్చుకున్నారు, ఇన్నేళ్లకు లావాదేవీ సరిగ్గా ముగిసింది.

ఉత్తరం ఎవరు రాశారో బాపుకు తెలుసా. ఈ రోజు పొద్దున షర్టు గుండీలు పెట్టుకుంటూ, అటు తిరిగే, “ఎవరు రాసిన్రో నాకెర్క లేదు. ఎర్క చేసుకోను గూడ” అన్నాడు. అమ్మ నా పళ్లెంలో ఇడ్లీ పెట్టి నేను తినకపోతే తీసి మూత పెట్టింది, తినమని అనలేదు. గడప దగ్గర మాత్రం చెవి దగ్గరికి వచ్చి, “నేను ముప్పై ఏండ్లు ఐలవ్వ అంటె పలికిన. నువ్వు ఒక్క మాట చెప్పలేవా” అంది. బతిమాలిందో, వెక్కిరించిందో. ఒకవేళ నేను ఇప్పుడు లోపలికి వెళ్లి బాపు అని అంటే. నిజం కదా. బడి కాగితాలన్నీ నా వైపే ఉన్నాయి. కాని ఆ నిజం చెబితే ఆయన ముప్పై ఏళ్లు అబద్ధమవుతాయి, ఆయన ఊపిరితిత్తుల్లో ఉన్న దుమ్ము కూడా ఎల్లేశం దుమ్మేనంటారేమో. కాక అనే అబద్ధం చెబితే, దాని వెంట ఒక నిజం చెప్పాలి, నా తండ్రి పేరు సదయ్య. పుట్టినప్పటి నుంచి ఏ ఫారంలోనూ రాయని నిజం. ఆయన్ను పోగొట్టుకుంటేనే ఆయన పేరు రాయడానికి దొరుకుతుంది. ఓపెన్‌కాస్టులో రెండున్నర గంటల బ్లాస్టింగ్ పడింది, కిటికీ అద్దాలు గలగలమన్నాయి, బెంచీ నా కింద కొంచెం వణికింది. వరండాలో ఎవరూ తలెత్తలేదు. రోజూ పడేదే.

జగదీశ్వర్ అని పిలిచారు. పరదా తోసుకొని వెళ్లాను. కూర్చోమనలేదు. క్లర్కు కళ్లజోడు పైనుంచి చూసి, పేరు అడిగాడు, చెప్పాను. “తండ్రి పేరు?” అన్నాడు. గోడ మీద గడియారం ఉంది, ఐదు నిమిషాలు వెనక ఉంది. సదయ్య అన్నాను. బాపు గబుక్కున తలెత్తాడు. ఎవరో పిలిచినట్టు ఎత్తాడు, ఆ అని పలకబోయి పెదవులు తెరుచుకున్నాయి కూడా. ఎన్నేళ్లయిందో ఆ పేరు ఎవరైనా ఆయన ముందు గట్టిగా అని. ఇప్పుడు పలికితే అంతా పోతుంది. పలకలేదు. తల దించుకొని చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. క్లర్కు కాగితం వంకే చూస్తున్నాడు. “ఈయన ఏమైతడు నీకు?” కాక అవుతాడు సార్ అన్నాను. మాట క్లాసులో అర్థం చెప్పినంత స్పష్టంగా వచ్చింది. అదే రాసి సంతకం పెట్టమన్నాడు. సదయ్య కుమారుడు జగదీశ్వర్ అని రాశాను. నా దస్తూరి బాగుంటుంది. బాపు మెడ చాచి ఆ కాగితం వైపు చూశాడు, నేను రాసిన వరసల మీద ఆయన కళ్లు ఇటు నుంచి అటు వెళ్లాయి, మళ్లీ వెనక్కి వచ్చాయి, ఎక్కడా ఆగలేదు.

బయటికి వచ్చాం. ఓదేలు జిరాక్సు తీయించడానికి కిందికి పరుగెత్తాడు. బెంచీ ఖాళీ, వరండా ఖాళీ, అందరూ చాయ్‌కి పోయినట్టున్నారు. బాపు గోడకు చెయ్యి ఆనించి కాసేపు దగ్గాడు. దగ్గు తగ్గాక జేబులోంచి మెడికల్ చీటీ తీసి, దాని వెనక తెల్లగా ఉన్న వైపు తిప్పి, నా వైపు చాపాడు. “నా పేరు కాయితం మీద ఎట్లుంటదో నేనెన్నడు సూడలే బిడ్డా. నువ్వు రాసింది సూసిన గని, అండ్ల ఏది నాదో ఎర్కగాలే. దీని మీద ఒక్కటే రాసి ఇయ్యి” అన్నాడు. కలం నా జేబులోనే ఉంది. బిడ్డా అన్నాడు, ఆ మాట ఆయన ఓదేలును కూడా అంటాడు, దారిన పోయేవాణ్ని కూడా అంటాడు. చీటీ పట్టుకున్న చెయ్యి అలాగే చాచి ఉంది. వినేవాళ్లు ఎవరూ లేరు, మేమిద్దరమే ఉన్నాం.

“క్లాసుకు టైమైంది, కాకా” అన్నాను.